పాస్‌వర్డ్ కరెక్టే

ముందే చెప్పేస్తున్నాను, పాస్‌వర్డ్ కరెక్టే. చదువుతూ మధ్యలో "క్యాప్స్ లాక్ చూశావా?" అని అడగాలనిపిస్తే కాస్త ఆగండి. చూశాను. మా టీమ్‌లో మిగతా ఇద్దరూ చూశారు. రూమ్ ఓనర్ వాళ్ళ అబ్బాయి, ఏడో క్లాసు, నీళ్ళ మోటర్ వేయడానికి పైకి వచ్చి వాడు కూడా చూసి వెళ్ళాడు.

సంగతి 2023 నవంబర్ నాటిది. అప్పుడు నేను థర్డ్ ఇయర్. నారాయణగూడ మెట్రో స్టేషన్ నుంచి చిక్కడపల్లి వైపు పది నిమిషాలు నడిస్తే వచ్చే ఒక సందులో, మూడో అంతస్తు పైన రేకుల రూమ్ మాది. ముగ్గురం ఉండేవాళ్ళం. నేను, నా క్లాస్‌మేట్, మా అన్న. అన్న అంటే సొంత అన్న కాదు, పెద్దమ్మ కొడుకు. సూర్యాపేట దగ్గర ఊరు. గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నాడు.

మన కాలేజీ వాళ్ళకి "గ్రూప్స్" అంటే ఏంటో విడమరిచి చెప్పక్కర్లేదనుకుంటా. అశోక్‌నగర్, చిక్కడపల్లి, నారాయణగూడల్లో ఏ సందులోకి తిరిగినా ఒక కోచింగ్ బోర్డు, ఒక జిరాక్స్ షాపు, ఒక బాయ్స్ హాస్టల్ వరసగా కనిపిస్తాయి. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి పొద్దున్నే వెళ్ళకపోతే కూర్చోవడానికి చోటు దొరకదు. అన్న రోజూ ఏడింటికల్లా బయల్దేరేవాడు. సంచిలో నీళ్ళ బాటిల్, రెండు పుస్తకాలు, ఒక లాంగ్ నోట్‌బుక్.

గ్రూప్-1 ప్రిలిమ్స్ ఆయన 2022 అక్టోబర్ 16న రాశాడు. 503 పోస్టులు. మెయిన్స్‌కి క్వాలిఫై అయ్యాడు కూడా. ఊళ్ళో పెద్దమ్మ నలుగురికీ చెప్పుకుంది. 2023 మార్చిలో ఆ పరీక్ష రద్దయింది. జూన్ 11న మళ్ళీ రాశాడు. సెప్టెంబర్‌లో అదీ రద్దయింది. గ్రూప్-2 ఏమో ఆగస్టు నుంచి నవంబర్‌కి, నవంబర్ నుంచి జనవరికి జరిగింది. నేను కథలోకి వచ్చేసరికి అన్న పరిస్థితి అది. ఆయన మాత్రం ఏడింటికల్లా సంచి వేసుకుని వెళ్తూనే ఉన్నాడు.

ఇక నా గోల. ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్‌లో మినీ ప్రాజెక్ట్ పెట్టారు. అందరూ షెడ్యూలింగ్ సిమ్యులేటర్లు చేస్తుంటే మేం ముగ్గురం పెద్ద పోజు కొట్టి "సొంతంగా చిన్న లైనక్స్ తయారు చేస్తాం" అని రాసిచ్చాం. కెర్నల్ మేమే కంపైల్ చేస్తాం, దాని మీద బిజీబాక్స్ పెడతాం, క్యూఎమూలో బూట్ చేసి చూపిస్తాం.

ఫస్టియర్ వాళ్ళ కోసం రెండు మాటలు. కెర్నల్ అంటే మెమరీ, డిస్కు, కీబోర్డు, ప్రాసెసర్ అన్నిటినీ పంచి పెట్టే ప్రోగ్రాము. 1991లో లినస్ టోర్వాల్డ్స్ హెల్సింకీలో చదువుకుంటూ మొదలుపెట్టినది, ఇప్పుడు మీ ఫోన్‌లో కూడా ఉన్నది. బిజీబాక్స్ అంటే ఎల్ఎస్, క్యాట్, లాగిన్ లాంటి మామూలు కమాండ్లన్నీ ఒకే ఫైల్లో కుదించి పెట్టిన సరుకు. రౌటర్లలో ఎక్కువగా వాడతారు. క్యూఎమూ అంటే మన ల్యాప్‌టాప్ లోపలే ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్. అందులో ఎన్నిసార్లు పాడుచేసుకున్నా మన మెషీన్‌కి ఏమీ కాదు.

అక్టోబర్ 29న 6.6 కెర్నల్ వచ్చింది. ఆ వారమే దించుకున్నాం. ఇంకో టీమ్ కూడా ఇదే ప్రాజెక్ట్ తీసుకుందని తెలిశాక, ఎవరి కెర్నల్ చిన్నది అనే పోటీ మొదలైంది. వాళ్ళు మామూలు కాన్ఫిగ్ నుంచి ఒక్కొక్కటీ తీసేస్తూ వస్తున్నారు. మేం రివర్స్‌లో వెళ్దామనుకున్నాం. "మేక్ టైనీకాన్ఫిగ్" అని ఒకటుంది. అది కొడితే తీసేయగలిగినవన్నీ తీసేసి, ఎముకల గూడు మాత్రం మిగులుస్తుంది. ఆ గూడుకి స్క్రీన్ మీద అక్షరం కూడా రాదు. ప్రోగ్రాము నడపడమూ రాదు. అక్కణ్ణుంచి మనకి కావలసినవి ఒక్కొక్కటీ మెనూలో టిక్ పెట్టుకుంటూ రావాలి.

పెట్టుకుంటూ వచ్చాం. 64 బిట్, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్, మెసేజ్‌లు అచ్చువేసే ప్రింట్‌కె, ఈఎల్ఎఫ్ ఫైళ్ళు నడిపే సపోర్టు, టీటీవై, సీరియల్ కన్సోల్, ప్రాక్, సిస్‌ఎఫ్ఎస్. ఒక్కోటి మర్చిపోయినప్పుడల్లా ఒక్కో రకంగా చచ్చిపోయేది. ఒకసారి ఏమీ రాకుండా, ఒకసారి కెర్నల్ ప్యానిక్ అని. దీపావళి ముందు రాత్రి మొదటిసారి ఒక హాష్ గుర్తు వచ్చి కర్సర్ మినుకుమినుకుమంది. ఎల్ఎస్ కొడితే ఫోల్డర్లు వచ్చాయి. నేనూ నా క్లాస్‌మేటూ రేకులు అదిరేట్టు అరిచాం. అన్న నిద్రలేచి "ఏమైందిరా, నోటిఫికేషన్ వచ్చిందా?" అన్నాడు.

ఫస్ట్ రివ్యూలో మేడం చూసి, "బాగుంది, కానీ ఆన్ చేయగానే నేరుగా రూట్‌గా లోపలికి పంపించేస్తోంది. ఎవరు పడితే వాళ్ళు వచ్చి కూర్చోవచ్చా? లాగిన్ ఏది?" అన్నారు. నెక్స్ట్ రివ్యూ డిసెంబర్ మొదటి వారం. లాగిన్ ఎంత పని, ఒక సాయంత్రం అనుకున్నాను.

రూమ్‌లో ఈ మాట చెప్తే అన్న నవ్వి, "నాకు గూడ ఒకటి పెట్టురా. ఏడనో ఒక దగ్గర నా పేరు లిస్టుల ఉండనీ" అన్నాడు. సరదాకే అన్నాడు. నేనూ సరదాకే మూడు అకౌంట్లు చేశాను. ఒకటి నా పేరు, ఒకటి క్లాస్‌మేట్ పేరు, మూడోది "అన్న". వాళ్ళ వాళ్ళ పాస్‌వర్డ్‌లు వాళ్ళే కొట్టారు. ఇనిట్‌ట్యాబ్‌లో షెల్ తీసేసి గెట్టీ పెట్టాను. బూట్ చేశాను. లాగిన్ అని అడిగింది. పేరు కొట్టాను. పాస్‌వర్డ్ అడిగింది. కొట్టాను.

"లాగిన్: కాంట్ సెట్ గ్రూప్స్: ఫంక్షన్ నాట్ ఇంప్లిమెంటెడ్."

ఆ లైను వచ్చి, మళ్ళీ మొదటికి. మళ్ళీ పేరు అడిగింది.

పది రోజులు అదే. ఏమేం చేశానో చెప్తాను, ఎందుకంటే మీలో ఎవరైనా కెర్నల్ కంపైల్ చేసుకుంటే ఇవే చేస్తారు.

మొదట పాస్‌వర్డ్‌ని అనుమానించాను. లైనక్స్‌లో పాస్‌వర్డ్ ఎక్కడా పాస్‌వర్డ్ లాగా దాచిపెట్టి ఉండదు. షాడో అనే ఫైల్లో దాని హాష్ ఉంటుంది. మనం కొట్టినదానికి ఉప్పు కలిపి (నిజంగానే సాల్ట్ అంటారు) మళ్ళీ హాష్ చేసి, ఫైల్లో ఉన్నదానితో పోలుస్తుంది. హాష్ చేసే పద్ధతి రెండు చోట్లా వేరేగా ఉందేమోనని ఒకసారి ఎస్‌హెచ్ఏ-512తో, ఒకసారి ఎండీ5తో మళ్ళీ తయారుచేశాను. పాస్‌వర్డ్ మార్చాను. ఒక్క అక్షరం పాస్‌వర్డ్ పెట్టాను. చివరికి పాస్‌వర్డే లేకుండా ఖాళీగా వదిలేశాను. ఖాళీగా వదిలినా అదే లైను. ఇది చూసినా బుద్ధి రాలేదు నాకు.

తర్వాత గ్రూప్ ఫైలు మీద పడ్డాను. మెసేజ్‌లో "గ్రూప్స్" అని ఉంది కదా. ఈటీసీ ఫోల్డర్లో గ్రూప్ అనే ఫైలు ఉంటుంది, ఎవరు ఏ గుంపులో ఉన్నారో అందులో రాసి ఉంటుంది. దాన్ని రెండు రోజులు తిరగేశాను. కోలన్‌లు లెక్కపెట్టాను. విండోస్‌లో ఎడిట్ చేయడం వల్ల లైను చివర కనబడని అక్షరం చేరిందేమోనని హెక్స్‌లో చూశాను. మా డెబియన్ మెషీన్‌లో ఉన్న గ్రూప్ ఫైలు ఉన్నదున్నట్టు కాపీ చేశాను. అబ్బే.

తర్వాత లాగిన్‌ని పక్కన పెట్టేసి, నేరుగా షెల్‌తో బూట్ చేసి ఫైళ్ళ పర్మిషన్లు చూశాను. అక్కడ ఒక విచిత్రం కనిపించింది. ఏ ఫైలు చూసినా యజమాని రూటే. నేను నా యూజర్‌తో తయారుచేసిన ఫైళ్ళు కూడా రూట్‌వే అని చూపిస్తోంది. "ప్యాక్ చేసేటప్పుడు ఏదో అయ్యుంటుందిలే" అనుకుని దాటేశాను. ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది. జవాబు కళ్ళ ముందే ఉంది.

ఈ పది రోజుల్లో రూమ్ ఎలా ఉండేదో కూడా చెప్పాలి. రాత్రి రెండు, మూడు దాకా ట్యూబ్‌లైట్. ల్యాప్‌టాప్ ఫ్యాను మోత. క్లాస్‌మేట్ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పడుకునేవాడు. అన్న మొహం మీద తువ్వాలు కప్పుకుని పడుకునేవాడు, పొద్దున ఆరింటికి లేవాలి కదా. నేను నా ఛార్జర్ కోసం ఆయన టేబుల్ ల్యాంప్ ప్లగ్ తీసేసేవాణ్ణి. మ్యాట్ మీద ఆయన పుస్తకాలు జరిపి నా వైర్లు పరిచేవాణ్ణి. రూమ్ అద్దెలో మూడో వంతు ఆయనది. ఆ సంగతే నాకు గుర్తులేదు.

నవంబర్ 27 రాత్రి అనుకుంటా, ఒంటిగంట దాటాక అన్న తువ్వాలు తీసి, "తమ్మీ, లైట్ బంద్ చేస్తవా జర" అన్నాడు. మెల్లగానే అన్నాడు. అప్పుడే నాకు మళ్ళీ ఆ లైను వచ్చింది స్క్రీన్ మీద. నేను వెనక్కి తిరగకుండానే అన్నాను:

"నీకేం అన్నా, నీ పరీక్ష ఎట్లాగూ ఉండదు కదా. నాకు రివ్యూ ఉంది."

ఆయన ఏమీ అనలేదు. తువ్వాలు మళ్ళీ కప్పుకున్నాడు. క్లాస్‌మేట్ హెడ్‌ఫోన్ ఒకటి తీసి నా వైపు చూశాడు. నేను ఇంకో పది నిమిషాలు ఏదో టైప్ చేస్తున్నట్టు నటించి లైట్ ఆపేశాను. సారీ చెప్పలేదు. మర్నాడు నేను లేచేసరికి ఆయన లైబ్రరీకి వెళ్ళిపోయాడు.

28 సాయంత్రం నేను కాలేజీ నుంచి వచ్చేసరికి అన్న అప్పటికే రూమ్‌లో ఉన్నాడు. ఆ టైమ్‌లో ఎప్పుడూ ఉండడు. 30న ఎలక్షన్, ఓటు వేయడానికి ఊరెళ్తున్నా, రేపు పొద్దున మెట్రోలో ఎంజీబీఎస్ పోయి బస్సెక్కుతా అన్నాడు. మంచిదే కదా, మా కాలేజీకి కూడా సెలవే. కానీ ఓటు వేయడానికి వెళ్ళేవాడు పాలిటీ పుస్తకం, తెలంగాణ ఉద్యమ చరిత్ర పుస్తకం, మూడేళ్ళ కరెంట్ అఫైర్స్ కట్టలు తాడేసి కట్టుకోడు కదా. కట్టలు నాలుగు ఉన్నాయి, గోడవారగా.

"ఎప్పుడొస్తవ్ అన్నా?" అన్నాను.

"చూద్దాం" అన్నాడు. తర్వాత, "చాయ్ తాగొద్దామా?" అన్నాడు.

కిందికి దిగి మెయిన్ రోడ్డు దాకా నడిచాం. ఎలక్షన్ ప్రచారం ఆ సాయంత్రంతో అయిపోయింది, ఆటోల మైకులు లేక రోడ్డు కొత్తగా ఉంది. నిలబడి చాయ్ తాగుతుంటే నాకు నోట్లోంచి మాట రావడం లేదు. "అన్నా, మొన్న రాత్రి…" అని మొదలుపెట్టాను. "అరే, ఇడువు. నువ్వన్నదాంట్ల అబద్ధమేమున్నది" అని గ్లాసు కింద పెట్టాడు. తిట్టినా బాగుండేది.

తిరిగి పైకి వచ్చాక ఆయనే అడిగాడు, "ఇంతకీ నీ కంప్యూటర్ ఏమంటున్నదిరా? పది రోజులాయె."

చూపించాను. ఆయన అకౌంట్ పేరే కొట్టమన్నాను. కొట్టాడు. పాస్‌వర్డ్ కొట్టాడు. ఆ లైను వచ్చింది. ఆయన దాన్ని బయటికి చదివాడు, ఒక్కో మాట విడివిడిగా. "కాంట్ సెట్ గ్రూప్స్." ఆగి, పెద్దగా నవ్వాడు. "నీ కంప్యూటర్‌కి గూడ గ్రూప్స్ సెట్ అయితలేవురా!" క్లాస్‌మేట్ కూడా నవ్వాడు. నేనూ నవ్వాను, వారం తర్వాత మొదటిసారి.

నవ్వడం అయ్యాక అన్న, "ఆ తర్వాత ముక్కేంది? ఫంక్షన్ నాట్ ఇంప్లిమెంటెడ్ అంటే?" అన్నాడు.

"అది మామూలే అన్నా, ఎర్రర్ వచ్చినప్పుడు చివర ఏదో ఒకటి వస్తది. అసలు విషయం గ్రూప్స్ దగ్గరే ఉంది."

"అట్లనకు. మా పేపర్ల 'కింది వాటిలో సరికానిది ఏది' అని అడుగుతడు. ఆ 'సరికానిది' చివరికి ఉంటది. సగం మంది ముందు ముక్క చదివి ఆన్సర్ పెడ్తరు. సరే, తప్పుడు పాస్‌వర్డ్ కొడితే గూడ ఇదే వస్తదా?"

పది రోజుల్లో నేను కావాలని తప్పు పాస్‌వర్డ్ ఒక్కసారి కూడా కొట్టలేదు. కొట్టాను. మూడు సెకన్లు ఆగి, "లాగిన్ ఇన్‌కరెక్ట్" అంది. వేరే మెసేజ్!

అంటే కరెక్ట్ పాస్‌వర్డ్ కొడితే అది కరెక్టేనని దానికి తెలుస్తోంది. నన్ను గుర్తుపడుతోంది. గుర్తుపట్టాక, ఆ తర్వాత చేయాల్సిన పని ఏదో చేయలేకపోతోంది.

ఆ పని ఏంటో అన్నకి చెప్పడం మొదలుపెట్టాను, చెప్తూ చెప్తూ నాకే అర్థమైంది. కెర్నల్‌కి పేర్లు తెలీవు. దానికి మనందరం అంకెలం. రూట్ అంటే 0. మొదటి మామూలు యూజర్ 1000, తర్వాతి వాడు 1001. లాగిన్ ప్రోగ్రాము మొదట రూట్‌గానే నడుస్తుంది. పాస్‌వర్డ్ సరిపోయాక అది కెర్నల్‌ని మూడు అడుగుతుంది. వీడి గుంపులు ఇవి పెట్టు, వీడి గ్రూప్ నంబర్ ఇది పెట్టు, వీడి యూజర్ నంబర్ ఇది పెట్టు. సెట్‌గ్రూప్స్, సెట్‌జిఐడీ, సెట్‌యూఐడీ. ఆ తర్వాతే షెల్ ఇస్తుంది. మొదటిది అడగ్గానే కెర్నల్ "ఆ పని నాకు రాదు" అంటోంది. "నీకు హక్కు లేదు" అనడం లేదు, "ఫైలు తప్పు" అనడం లేదు. ఆ పనే తనలో లేదంటోంది. ఫంక్షన్ నాట్ ఇంప్లిమెంటెడ్ అంటే అక్షరాలా అదే.

కెర్నల్ సోర్స్‌లో కెర్నల్ అనే ఫోల్డరే ఒకటుంది. అందులోని మేక్‌ఫైల్‌లో గ్రూప్స్ అని వెతికాను. ఒక్క లైను దొరికింది. గ్రూప్స్‌కి సంబంధించిన ఫైలు కెర్నల్‌లోకి చేరాలంటే కాన్ఫిగ్ మల్టీయూజర్ అనేది ఆన్‌లో ఉండాలి. మా కాన్ఫిగ్ ఫైలు తెరిచి చూశాను. "కాన్ఫిగ్ మల్టీయూజర్ ఈజ్ నాట్ సెట్."

టైనీకాన్ఫిగ్ తీసేసిన వందల వాటిలో అదొకటి. మెనూలో జనరల్ సెటప్ కింద, ఎక్స్‌పర్ట్ యూజర్ల కోసం అని రాసిన చోట ఉంటుంది. దాని హెల్ప్ చదివితే అంతా రాసి ఉంది. దీనికి నో చెప్తే ప్రతి ప్రాసెసూ యూఐడీ 0, జిఐడీ 0తోనే నడుస్తుంది, యూజర్లు గ్రూపులకి సంబంధించిన సిస్టమ్ కాల్స్ కంపైల్ కావు, తెలియకపోతే ఎస్ అనండి అని. ఏ ఫైలు చూసినా యజమాని రూట్ అని ఎందుకు చూపించిందో అప్పుడు తెలిసింది. ఆ కెర్నల్ లోకంలో రూట్ తప్ప రెండో మనిషే లేడు. నేను అందులో ముగ్గురికి అకౌంట్లు చేసి, ముగ్గురికీ పాస్‌వర్డ్‌లు పెట్టి, పది రోజులు తలుపు కొట్టాను.

ఈ ఆప్షన్ మొదట్లో లేదు. యూనిక్స్ 1969లో బెల్ ల్యాబ్స్‌లో మొదలై, ఒకే మెషీన్‌ని చాలామంది పంచుకునే పద్ధతి మీద పెరిగింది. లైనక్స్‌కీ అదే పోలిక వచ్చింది. 2015లో వచ్చిన 4.1 నుంచి, కావాలంటే దాన్ని తీసేసే వీలు కల్పించారు. చిన్న చిన్న పరికరాల్లో ఒకే ప్రోగ్రాము రూట్‌గా నడుస్తుంది, అక్కడ ఇంకో యూజర్‌తో పని లేదు, కొంచెం చోటు మిగులుతుంది అని. వాళ్ళు చేసింది కరెక్టే, ఆ పరికరాలకి. ఎంత మిగులుతుందో తెలుసా? సుమారు 25 కిలోబైట్లు. వాట్సాప్‌లో పెద్దమ్మ పంపే గుడ్ మార్నింగ్ ఫోటో అంతకంటే పెద్దది. నేను ఆ 25 కిలోబైట్ల కోసం పోటీ పడుతూ మిగతా మనుషులందర్నీ బయటికి పంపేశాను.

"అంటే తప్పు పాస్‌వర్డ్‌ల లేదన్నట్టు" అన్నాడు అన్న.

"లేదన్నా. పాస్‌వర్డ్ మొదట్నుంచీ కరెక్టే."

ఆయన కాసేపు స్క్రీన్ చూశాడు. "నేను గూడ ఏడాది సంది అదే చూసుకుంటున్నరా. ఇంకో రెండు గంటలు ఎక్కువ చదవాల్నా, ఇంకో పుస్తకం కొనాల్నా, నాల్నే ఏమన్న తక్కువున్నదా అని. మొదటిసారి క్వాలిఫై అయిన గద. అయిన." రెండోసారి "అయిన" అన్నప్పుడు నాకు చెప్పినట్టు లేదు.

నాకేం అనాలో తెలియలేదు. "మొన్న అన్నది తప్పన్నా, సారీ" అన్నాను. "సరేలే, ముందు అది సరిచెయ్యి" అన్నాడు. కానీ పదిన్నరకే లైట్ ఆపేశాను నేను. ల్యాప్‌టాప్ పట్టుకుని మెట్ల మీదికి వెళ్ళాను.

మెట్ల మీద కూర్చుని మల్టీయూజర్ టిక్ పెట్టి కంపైల్‌కి వేశాను. నాలుగు నిమిషాలు పట్టింది. బూట్ చేశాను. నా పేరు కొట్టాను, పాస్‌వర్డ్ కొట్టాను. హాష్ గుర్తు బదులు డాలర్ గుర్తు వచ్చింది. మామూలు యూజర్‌కి వచ్చే గుర్తు అది. ఐడీ అని కొడితే యూఐడీ 1000 అంది. క్లాస్‌మేట్‌ది 1001. అన్న అకౌంట్ తెరవలేదు. ఆయన పాస్‌వర్డ్ నాకు తెలీదు. పొద్దున ఆయనతోనే కొట్టిద్దామనుకున్నాను.

పొద్దున నేను లేచేసరికి ఆరున్నర. కట్టలు లేవు. టేబుల్ ల్యాంప్ మాత్రం వదిలేసి వెళ్ళాడు, ప్లగ్ పెట్టి మరీ.

రివ్యూలో లాగిన్ పనిచేసింది. ఇమేజ్ సైజులో అవతలి టీమ్ మా మీద గెలిచింది. మేడం మమ్మల్ని అడిగిన ప్రశ్న, "టైనీకాన్ఫిగ్‌లో లాగిన్ ఎందుకు పనిచేయదు?" అని. ఈ ఒక్క ప్రశ్నకి నాలుగు నిమిషాలు జవాబు చెప్పాను. అవతలి టీమ్ వాడొకడు రాసుకున్నాడు.

జూనియర్స్‌కి పనికొచ్చే ముక్కలు ఇక్కడే చెప్పేస్తాను. మీ అసలు మెషీన్ మీద కొత్త కెర్నల్ వేసి లాగిన్ కాలేకపోతే కంగారుపడి పాస్‌వర్డ్ రీసెట్ చేయకండి. రీస్టార్ట్ చేసి గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్తే పాత కెర్నల్ ఉంటుంది (అందుకే పాతదాన్ని వెంటనే తీసేయకూడదు). దాంతో లాగిన్ అయితే పాస్‌వర్డ్ తప్పు కాదని తేలిపోయినట్టే. అప్పుడు పాత కాన్ఫిగ్, కొత్త కాన్ఫిగ్ పక్కపక్కన పెట్టి చూడండి. సోర్స్‌లోనే స్క్రిప్ట్స్ ఫోల్డర్లో డిఫ్‌కాన్ఫిగ్ అని ఉంటుంది, తేడాలు మాత్రమే చూపిస్తుంది. పాస్‌వర్డ్ తీసుకుని ఆ తర్వాత బయటికి తోసేస్తే, తప్పు తాళంలో కాదు, గదిలో. కావాలని తప్పు పాస్‌వర్డ్ కొట్టి రెండు మెసేజ్‌లూ పోల్చి చూడండి. మెసేజ్ చివరి మాట దాకా చదవండి. ఈ చివరిది నాది కాదు, అన్నది.

2024 ఫిబ్రవరిలో కొత్త నోటిఫికేషన్ వచ్చింది, 563 పోస్టులు. మార్చిలో అన్న తిరిగొచ్చాడు. మా రూమ్‌కి కాదు, అశోక్‌నగర్‌లో లైబ్రరీకి దగ్గరగా ఒక హాస్టల్‌కి. "మీ తాన లైట్ ఎక్కువ" అన్నాడు నవ్వుతూ. ఆ ఆదివారం టేబుల్ ల్యాంప్ తీసుకెళ్ళడానికి పైకి వచ్చాడు. నేను ల్యాప్‌టాప్ తీసి క్యూఎమూలో మా లైనక్స్ బూట్ చేసి ఆయన ముందు పెట్టాను. "ఇప్పుడు చూడు, పోతది లోపలికి" అన్నాను గొప్పగా.

అన్న మ్యాట్ మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, పేరు కొట్టాడు. పాస్‌వర్డ్ కొట్టాడు. మూడు సెకన్లు.

"లాగిన్ ఇన్‌కరెక్ట్."

ఇంకోసారి కొట్టాడు. అదే. తల గోక్కున్నాడు. "నాలుగు నెలలాయె కదరా, యాదికి లేదు. ఊరి పేరు పెట్టిన్నా, నోటిఫికేషన్ నంబర్ పెట్టిన్నా?"

"ఇది మాత్రం నీ తప్పే అన్నా" అన్నాను.

"అవు, ఇది నాదే" అన్నాడు, హాయిగా. మూడోసారి కొట్టడానికి కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. క్లాస్‌మేట్ హెడ్‌ఫోన్స్ తీసి, "క్యాప్స్ లాక్ చూడన్నా" అన్నాడు.